పట్టా కింద పచ్చిక

జూలై మొదటి వారం. లండన్‌లో వింబుల్డన్ టెన్నిస్ కోర్టుల పక్కనే ఉన్న చిన్న గుట్ట. మధ్యాహ్నం రెండున్నర దాటింది. వాన ఆగినట్టే ఆగి మళ్లీ అందుకుంటోంది. గుట్ట మీద ఒకే గొడుగు కింద ఇద్దరు. బాబాయి పల్నాడులో మిరప రైతు. ఆగస్టులో నారు పోసే వేళకి ఊళ్లో ఉండాలన్న షరతు మీద నెల రోజులకని వచ్చాడు. అమ్మాయి ఆయన అన్న కూతురు, ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉద్యోగం. పొద్దున్నే ఈస్ట్‌హామ్‌లో తొలి రైలెక్కి, ఎర్ల్స్‌కోర్టులో మారి, సౌత్‌ఫీల్డ్స్‌లో దిగి, పార్కులో నంబరు కార్డు పట్టుకుని నాలుగు గంటలు క్యూలో నిలబడితే గ్రౌండ్ పాసులు దొరికాయి. పదకొండింటికి ఆట మొదలైంది. ముప్పావు గంట గడవకముందే వాన దిగింది. ఎదురుగా ఉన్న పెద్ద తెర మీద మాత్రం ఆట ఆగలేదు.

అమ్మాయి: తప్పు నాదే బాబాయ్. ఇంట్లో సోఫాలో కూర్చోబెట్టి, వేడివేడిగా పకోడీలు వేసిచ్చి టీవీ పెట్టుంటే ఈపాటికి రెండు సెట్లు చూసేవాడివి.

బాబాయి: టీవీ చూడ్డానికైతే విమానమెందుకమ్మా? బెకర్ ఆటా, ఎడ్బర్గ్ ఆటా మన వరండాలో దూరదర్శన్‌లోనే చూశాంగా. మీ నాన్న డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతుంటే నేను కింద నుంచి ‘వచ్చింది... పోయింది... ఆఁ, అక్కడే ఉంచు’ అని అరిచేవాణ్ణి. సగం పాయింట్లు ఆ అరుపుల్లోనే పోయేవి.

అమ్మాయి: ఇప్పుడు మనం చేస్తున్నదీ టీవీ చూడ్డమే. కాకపోతే తడుస్తూ చూస్తున్నాం. ఆ తెర మీద ఆట ఎక్కడ జరుగుతోందో తెలుసా? కూతవేటు దూరంలో, సెంటర్ కోర్టులో. పైన కప్పు మూసేశారు. లోపల 15 వేల మంది పొడిబట్టలతో కూర్చుని చూస్తున్నారు. మనం బయట నానుతూ అదే ఆటని బొమ్మలో చూస్తున్నాం. అదీ సెలవు పెట్టుకుని, మనిషికి దాదాపు 30 పౌండ్ల లెక్కన పోసి.

బాబాయి: అంటే మూడు వేల రూపాయల పైమాటే. పోనీలే. నాకైతే పోయినట్టు అనిపించట్లేదు. ఈ గుట్టకేదో పేరు చెప్పావు?

అమ్మాయి: హెన్మన్ గుట్ట. టిమ్ హెన్మన్ అని ఇంగ్లండ్ ఆటగాడు. ఇక్కడ నాలుగుసార్లు సెమీఫైనల్‌కి వచ్చాడు. ఒక్కసారి కూడా ఫైనల్ చేరలేదు.

బాబాయి: గెలవనివాడి పేరు గుట్టకి పెట్టుకున్నారా! మంచి జనమే వీళ్లు. అందుకేనేమో, ఇంత వానలోనూ ఒక్కడూ లేచి పోవట్లేదు.

అమ్మాయి: పోకపోవడం గొప్పేం కాదు బాబాయ్. డబ్బులు కట్టారు కాబట్టి కూర్చున్నారు. అసలు ఇంత సంపన్నమైన పోటీలో ఇంకా వానకి ఆట ఆగడమేంటి? మెల్‌బోర్న్‌లో 1988లోనే పెద్ద కోర్టుకి తెరిచి మూసే కప్పు పెట్టారు. ఇక్కడ 2009 దాకా ఆగారు. ఇప్పటికీ పోటీ జరిగే 18 కోర్టుల్లో రెండింటికే కప్పుంది. సెంటర్ కోర్టుకి, 2019 నుంచి ఒకటో నంబరు కోర్టుకి. అన్నింటికీ కప్పెయ్యాలన్నదే నా మాట.

బాబాయి: నా మాట వేరు. ముందు నేను పొద్దున చూసింది చెప్పనీ. చినుకు పడగానే అంపైర్ ఏదో అన్నాడు. అంతే, కోర్టు పక్కన నిలబడ్డ పిల్లలు పది మందో, ఇంకా ఎక్కువో, ఒక్క ఊపున పరిగెత్తుకొచ్చి పట్టా లాగేశారు. నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు. నేను వాళ్ల కాళ్లు చూస్తున్నా. ఒక్కడి అడుగు తడబడలేదు. ముందున్నవాడు వంగి లాగుతుంటే వెనకున్నవాడు అంచు ఎత్తి పట్టుకున్నాడు, గాలికి లేవకుండా. మార్చిలో మన కళ్లంలో ఏం జరుగుద్దో అదే జరిగింది.

అమ్మాయి: కళ్లంలో ఎండబెట్టిన మిరపకాయల మీద పట్టాలు కప్పడం?

బాబాయి: అదే. ఏడాది కష్టం ఎర్రగా నేల మీద పరిచి ఉంటది. పడమర నల్లబడిందంటే అన్నం ముందు కూర్చున్నవాడు ఎంగిలి చేత్తోనే పరిగెత్తాలి. పట్టా ఒకడివల్ల కాదు. పక్క కళ్లంవాడు మనతో మాట్లాడి ఏడాదైనా సరే, ఆ పూట వచ్చి అవతలి కొస పట్టుకుంటాడు. ఇక్కడా వీళ్లు కాపాడేది పంటనే కదా. ఎంత ఎత్తు ఉంచుతారు ఆ గడ్డిని?

అమ్మాయి: 8 మిల్లీమీటర్లు. ఒకే జాతి గడ్డి, రై గ్రాస్ అంటారు. 2001 నుంచి మొత్తం అదే వేస్తున్నారు. తడిస్తే సబ్బు రాసినట్టు జారిపోతుంది. అందుకే ఇక్కడ చినుకు పడితే ఆపుతారు. ప్యారిస్‌లో ఎర్రమట్టి కోర్టుల మీదైతే తుంపరలో కూడా ఆడతారు.

బాబాయి: లండన్ అంటేనే వాన అంటారు. నిజంగా అంత పడుద్దా?

అమ్మాయి: లేదు. ఏడాది మొత్తానికి 600 మిల్లీమీటర్లు. మన గుంటూరులో పడేదానికన్నా తక్కువే.

బాబాయి: ఆఁ! ఇంత తక్కువ వానకి అంత పేరా? అర్థమైందిలే. మనది కుమ్మరించి పోయే వాన. వీళ్లది పోకుండా సతాయించే తుంపర. కొలతకి తక్కువ, కాపలాకి ఎక్కువ.

అమ్మాయి: ఆ కాపలా బాధ లేకుండా చేసేదే కప్పు. పది ఇనప దూలాలు, వాటి మధ్య వెలుతురు లోపలికి వదిలే గుడ్డ. అంతా కలిపి వెయ్యి టన్నుల బరువు. మూయడానికి పది నిమిషాలు చాలు. తర్వాత ఇంకో అరగంటలో ఆట.

బాబాయి: మూశాక మళ్లీ అరగంట దేనికి?

అమ్మాయి: లోపలి గాలి కోసం. అంతమంది జనం ఊపిరి, కింద పచ్చి గడ్డి, పైన మూత. గడ్డి మీద తేమ పేరుకోకుండా యంత్రాలతో గాలిని పొడిబారుస్తారు.

బాబాయి: ఉమ్మగిలుద్దన్నమాట! వాన వెలిశాక కూడా పట్టా తియ్యకపోతే కాయ ఉమ్మగిలి, రంగు పోయి తాలు అవుద్ది. కప్పడం సగం పనే తల్లీ. ఎప్పుడు తియ్యాలో తెలిసుండటం మిగతా సగం. మరి యంత్రాలు పెట్టినా ఆ గడ్డి పూర్తిగా ఆరుద్దా?

అమ్మాయి: నీ దగ్గర దాచడమెందుకు? 2021లో పోటీ మొదలైన రెండో రోజు, కప్పు మూసిన సెంటర్ కోర్టులోనే మన్నరినో అనే ఆటగాడు జారిపడి ఆట వదిలేశాడు. ఆ వెంటనే అదే కోర్టులో సెరెనా విలియమ్స్ కూడా జారింది. కాలికి దెబ్బతగిలి కళ్లనీళ్లతో బయటికెళ్లింది. కప్పు కింద గడ్డి ఇంకాస్త జారుడుగా అనిపిస్తుందని ఫెదరర్ కూడా అన్నాడు.

బాబాయి: చూశావా.

అమ్మాయి: ఏం చూడాలి? బయటి కోర్టుల్లో ఎవరూ జారిపడరా? గడ్డి అన్నాక మొదటి రెండు రోజులు జారుడుగానే ఉంటుంది. కప్పులో లోపముంటే సరిచేసుకోవాలి. కప్పే వద్దంటే ఎలా? వాన ఎంత అన్యాయం చేసిందో ఈ గుట్ట పేరే చెబుతుంది. 2001 సెమీఫైనల్, హెన్మన్, ఇవానిసెవిచ్. శుక్రవారం సాయంత్రం హెన్మన్ మూడో సెట్టుని 6–0తో లాగేశాడు. పావుగంట పట్టింది. సెట్లలో 2–1 ఆధిక్యం, నాలుగో సెట్టులోనూ ముందున్నాడు. ఇవానిసెవిచ్‌కి చేతులాడట్లేదు. అప్పుడు వాన పడింది. శనివారం కాసేపు ఆడారు, మళ్లీ వాన. ఆదివారం ముగిసేసరికి గెలిచింది ఇవానిసెవిచ్. మూడు రోజులు సాగిన ఒక్క మ్యాచ్! ఆ శుక్రవారం కప్పు ఉండుంటే ఇంగ్లండ్ వాడు ఫైనల్లో ఉండేవాడు.

బాబాయి: ఉండేవాడేమో. ఆ గెలిచినవాడి సంగతి చెప్పు.

అమ్మాయి: అతనిది వింత కథ. అంతకుముందు ఇక్కడే మూడు ఫైనల్స్ ఓడాడు. ఆ ఏడాది ర్యాంకు 125. నేరుగా ఆడే అర్హత లేకపోతే వైల్డ్ కార్డ్ ఇచ్చారు. చివరికి ట్రోఫీ అతనిదే. వైల్డ్ కార్డ్‌తో వచ్చి ఇక్కడ సింగిల్స్ గెలిచిన మగవాడు అతనొక్కడే.

బాబాయి: మరి అదే వాన ఒకడికి అన్యాయమైతే, ఇంకొకడికి ఏమైందనాలి? అక్టోబరులో పడే వాన పత్తిని ముంచుద్ది, శనగకి పదునిచ్చుద్ది. పత్తి వేసినవాడు తిడతాడు, శనగ వేసినవాడు దణ్ణం పెడతాడు. వాన ఇద్దరి మాటా వినదు. ఫైనల్ ఎప్పుడాడారు మరి?

అమ్మాయి: ఆదివారం జరగాల్సింది సోమవారానికి పోయింది. అదింకో గందరగోళం. పాత టిక్కెట్లు చెల్లవు కదా, సెంటర్ కోర్టులో పదివేల సీట్లకి అప్పటికప్పుడు కొత్తగా టిక్కెట్లమ్మారు. జనం రాత్రంతా రోడ్డు మీద క్యూ కట్టారు. ఇవానిసెవిచ్ కోసం క్రొయేషియా వాళ్లు, ఫైనల్లో అవతలున్న రాఫ్టర్ కోసం ఆస్ట్రేలియా వాళ్లు. జెండాలు, పాటలు, ఫుట్‌బాల్ మ్యాచ్ లాగా గోల. ఐదో సెట్టు 9–7. దాన్ని ఇప్పటికీ ప్రజల సోమవారం అంటారు.

బాబాయి: ఇదిగో, నాకు కావాల్సిన మాట నువ్వే అన్నావు. ఆ పదివేల మంది మామూలు రోజుల్లో ఆ ఫైనల్ చూడగలిగేవాళ్లా?

అమ్మాయి: కష్టమే. ఫైనల్ టిక్కెట్లు లాటరీలో తగలాలి, లేదా పలుకుబడుండాలి.

బాబాయి: అంటే తలుపు తీసింది వానే కదా?

అమ్మాయి: ఆ మాటకొస్తే 1991లో కూడా అంతే. మొదటి వారమంతా వాన పడేసరికి, అప్పట్లో ఎప్పుడూ సెలవిచ్చే మధ్య ఆదివారం తొలిసారి ఆడాల్సొచ్చింది. ముందే అమ్మిన టిక్కెట్లు లేవు. క్యూలో నిలబడ్డవాళ్లే సెంటర్ కోర్టు నింపేశారు. సరే, ఒప్పుకుంటా. కానీ ఆ తలుపు నాలుగైదుసార్లు తెరుచుకుందని, ప్రతి ఏడాదీ లక్షల మంది తడవాలా? వాన రోజు తీపి జ్ఞాపకమని చెప్పేవాళ్లంతా ఒళ్లు ఆరాక చెప్పినవాళ్లే బాబాయ్. తడుస్తున్నప్పుడు ఎవరూ అనరు.

బాబాయి: (నవ్వి) అది నిజం. నా చెప్పుల్లో నీళ్లు చేరి గంటైంది. నీకు చెప్పలేదు.

అమ్మాయి: చెప్పవు! రా, ఆ దుకాణం చూరు కింద నిలబడదాం. స్ట్రాబెర్రీలు, మీగడ తిందాం. అది తినకుండా వెళ్తే ఇక్కడికి వచ్చినట్టు కాదట.

ఇద్దరూ చూరు కిందికి చేరారు. బాబాయి మొదటి పండు మీగడతో తిన్నాడు. తర్వాతవి మీగడ పక్కకి తోసి తిన్నాడు.

అమ్మాయి: ఒకటడుగుతా, నిజం చెప్పు. 2008 ఫైనల్ చూశావా?

బాబాయి: ఫెదరర్, నాదల్. చూడకుండా ఉంటానా? కరెంటు ఎక్కడ పోతుందోనని ఇన్వర్టర్ సరిచూసుకుని కూర్చున్నాను.

అమ్మాయి: అందులో వాన ఏం చేసిందో గుర్తుందా? ఫెదరర్ రెండు సెట్లు ఓడి, మూడో దాంట్లో 5–4 దగ్గరున్నప్పుడు గంటకు పైగా ఆపింది. ఐదో సెట్టులో 2–2 దగ్గర మళ్లీ ఆపింది. ఆట సాగిందే 4 గంటల 48 నిమిషాలు. ముగిసేసరికి రాత్రి తొమ్మిది దాటింది. బంతి కనిపించనంత చీకటి. అలాంటి ఫైనల్ చీకట్లో తేలాలా? ఆ మరుసటి ఏడాదే కప్పు వచ్చింది.

బాబాయి: నీకు చీకటి గుర్తుంది. నాకేం గుర్తుందంటే, వాన ఆగి తిరిగొచ్చిన ప్రతిసారీ ఫెదరర్ మొహం మారుంది. లోపల గదిలో ఒక్కడే కూర్చుని ఏం అనుకున్నాడో, ఎట్టా కూడగట్టుకున్నాడో! మూడూ నాలుగూ టైబ్రేకర్లో లాగాడు. కప్పుంటే ఆ ఆట ఎండపొద్దునే అయిపోయేది. నీట్‌గా అయిపోయేది. మనం పదిహేడేళ్లో పద్దెనిమిదేళ్లో గడిచాక ఇట్టా తడిసి నిలబడి దాని గురించి మాట్లాడేవాళ్లం కాదు.

అమ్మాయి: ఫెదరర్ కూడగట్టుకున్నా ఓడాడు కదా. ఐదో సెట్టు 9–7, నాదల్ గెలిచాడు. ఆ చీకట్లో ఓడినవాడిని అడగాలి వానెంత గొప్పదో. నా దగ్గర ఇంకొకటుంది. దానికి నువ్వు జవాబు చెప్పలేవు. 2015, మహిళల డబుల్స్ ఫైనల్.

బాబాయి: సానియా! హింగిస్‌తో కలిసి.

అమ్మాయి: ఆఁ, హైదరాబాద్ అమ్మాయి. 2003లో ఇక్కడే జూనియర్ బాలికల డబుల్స్ గెలిచిన పిల్ల, పన్నెండేళ్లకి సెంటర్ కోర్టులో ఫైనల్ ఆడుతోంది. అవతల మకరోవా, వెస్నినా. మూడో సెట్టులో సానియా వాళ్లు 2–5తో వెనకబడ్డారు. అక్కడ నుంచి లాక్కొచ్చి 5–5 చేశారు. అప్పుడేమైంది?

బాబాయి: వెలుతురు పోయింది. ఆపారు. మన దగ్గర అర్ధరాత్రి దాటింది. ఇక రేపే అనుకుని మీ పిన్ని పడుకుంది.

అమ్మాయి: రేపటికి వదల్లేదు. కప్పు మూసి, దీపాలు వేసి, అక్కడికక్కడే ఆడించారు. రెండు గేములు, 7–5. మన దేశం నుంచి ఇక్కడ మహిళల డబుల్స్ గెలిచిన మొదటి మనిషి. పాతకాలమైతే ఆ ఊపు రాత్రంతా చల్లారిపోయేది. కప్పుని తిట్టేముందు ఆ రెండు గేములు గుర్తుచేసుకో బాబాయ్.

బాబాయి: (కాసేపు మాట్లాడలేదు) నేను లేచి అరిచాను ఆ రాత్రి. పక్కింటి కుక్కలు మొరిగాయి. సరే తల్లీ, ఇది నాకు జవాబులేని మాటే. కప్పు వద్దనను. వద్దని నేనెప్పుడూ అన్లేదు కూడా.

అమ్మాయి: మరి ఇంతసేపూ నీ గొడవేంటి?

బాబాయి: చెప్తా. మిర్చి యార్డుకి సరుకు తోలినప్పుడు ఒకటి జరుగుద్ది. షెడ్డులో చోటు దొరికినవాడి బస్తాలు పొడిగా ఉంటాయి. ఆలస్యంగా వచ్చినవాడు, చిన్న రైతు, పలుకుబడి లేనివాడు ఆరుబయట దించుకుంటాడు. రాత్రి వాన పడుద్ది. తెల్లారి వేలంలో వ్యాపారి గుప్పెడు కాయ తీసి పిసికి చూస్తాడు. షెడ్డులో కాయ గలగలమంటది. బయట కాయ మెత్తగా చేతికి అంటుకుంటది. ‘తేమ ఉంది, ధర తగ్గించుకో’ అంటాడు. ఇద్దరిదీ ఒకే విత్తనం, ఒకే మందు, ఒకే ఎండ. రాత్రి ఎక్కడ పడుకున్నాయన్నదే తేడా.

అమ్మాయి: షెడ్డు అందరికీ లేదని ఉన్న షెడ్డు కూల్చేస్తామా?

బాబాయి: కూల్చమని ఎవరన్నారు? ముందు ఈ లెక్క చెప్పు. మొదటి రౌండులో మొత్తం ఎన్ని ఆటలు?

అమ్మాయి: సింగిల్స్‌లో మగవాళ్లు 128 మంది, ఆడవాళ్లు 128 మంది. అంటే తొలి రెండు రోజుల్లో 128 మ్యాచ్‌లు. రోజుకి 64.

బాబాయి: కప్పున్న రెండు కోర్టుల్లో రోజుకెన్ని పడతాయి?

అమ్మాయి: ఒక్కోదాంట్లో మూడు, మహా అయితే నాలుగు.

బాబాయి: అంటే ఆరో, ఎనిమిదో. ఆ ఎనిమిదింట్లో ఎవరాడతారు?

అమ్మాయి: పెద్ద పేర్లు. టీవీ వాళ్లకి కావాల్సినవాళ్లు.

బాబాయి: మిగతా యాభై పైచిలుకు ఆటల వాళ్లు?

అమ్మాయి: లాకర్ రూములో కూర్చుంటారు. కాళ్లకి పట్టీలు చుట్టుకుని, వాన ఆగితే విప్పి మళ్లీ చుట్టుకుని, తినాలో వద్దో తెలియక. ఇవాళ్టిది రేపటికి పోతుంది. డబుల్స్ కూడా ఆడేవాళ్లయితే ఒకే రోజు రెండు ఆడాల్సి రావచ్చు. అందులో కొందరు రోహాంప్టన్‌లో మూడు క్వాలిఫైయింగ్ మ్యాచ్‌లు గెలిచి వచ్చినవాళ్లు. అక్కడ అసలు కప్పే లేదు.

బాబాయి: ఈలోగా షెడ్డులో ఉన్నవాడు ఆడేసి, స్నానం చేసి, రేపు విశ్రాంతి. కప్పు లేనప్పుడు?

అమ్మాయి: కప్పు లేనప్పుడు... (ఆగి) 2007లో నాదల్, సోడర్‌లింగ్ మూడో రౌండు ఐదు రోజులు సాగింది. శనివారం మొదలై బుధవారం అయింది. నాదల్ అప్పటికి రెండో సీడ్.

బాబాయి: అంత పెద్దవాడూ సంచీ సర్దుకుని రోజూ వచ్చి ఆకాశం చూసుకుంటూ కూర్చున్నాడు, ఊరూ పేరూ లేనివాడి పక్కనే. వాన మంచిదని కాదు నేననేది. వాన అందరి మీదా పడేది. ఇప్పుడు కొందరి మీదే పడుతోంది. కప్పు వానని ఆపలేదమ్మా, పంచింది.

అమ్మాయి: దానికి విరుగుడు నేను చెప్పిందే. అన్నింటికీ కప్పు.

బాబాయి: వేస్తారా?

అమ్మాయి: ...వెయ్యరు. ఒక్కదానికే అంత ఇనుము, అంత ఖర్చు. పైగా గడ్డికి ఎండా గాలీ కావాలి.

బాబాయి: మరి వేసేదాకా ఒక్క పని చెయ్యొచ్చు. షెడ్డులో ఉన్నవాడు ‘అసలు వానే పడలేదు’ అనకూడదు. ఆ తెర చూడు. ఇందాకట్నుంచీ సెంటర్ కోర్టు ఒక్కటే చూపిస్తున్నారు. ఇంట్లో కూర్చుని చూసేవాడికి ఇవాళ వింబుల్డన్‌లో ఆట బ్రహ్మాండంగా జరిగినట్టే. ఆ పట్టా లాగిన పిల్లలు, లాకర్ రూములో కాళ్లు చుట్టుకున్నవాళ్లు, మనం, ఎవరమూ అందులో లేం. ఇంట్లో పకోడీలు తింటూ చూసుంటే నేనూ వాన పడలేదనే అనుకునేవాణ్ణి. అందుకే రావడం నయమంటున్నా.

అమ్మాయి: నయమని నువ్వనుకో. నాకు మాత్రం ఇంకా మంటగానే ఉంది. 1877లో వింబుల్డన్ మొట్టమొదటి ఫైనల్ కూడా వాన వల్ల వాయిదా పడిందట. ఓ రెండు వందల మంది తలా ఒక షిల్లింగు ఇచ్చి చూశారు. దాదాపు 150 ఏళ్లైనా వీళ్లు ఆకాశం వైపే చూస్తున్నారంటే నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

బాబాయి: మనం ఎన్నేళ్లనుంచి చూస్తున్నామో లెక్కే లేదు. వాళ్లకి వస్తే ఏడుపు, మనకి రాకపోతే ఏడుపు. అంతే తేడా.

సాయంత్రం ఆరున్నరకి వాన వెలిసింది. జనం సగానికి సగం పలచబడ్డారు. పద్నాలుగో నంబరు కోర్టు దగ్గర పట్టా తీస్తున్నారని తెలిసి ఇద్దరూ గబగబా నడిచారు. పొద్దున నిలబడటానికే చోటు లేనిచోట ఇప్పుడు రెండో వరసలో బెంచీ ఖాళీగా ఉంది. అమ్మాయి రుమాలుతో తుడిచింది. నెట్టు కట్టారు. కోటు వేసుకున్న ఒకాయన వచ్చి, బేస్‌లైన్ దగ్గర వంగి, అరచేత్తో గడ్డిని నొక్కి చూశాడు.

బాబాయి: తేమ చూస్తున్నాడు.

అమ్మాయి: రిఫరీ ఆఫీసు మనిషి అయ్యుంటాడు.

బాబాయి: ఎవరైనా కానీ, చెయ్యి తెలిసిన చెయ్యి. ఒకచోట చూసి వదిలెయ్యలేదు. నీడ పడే మూల చూశాడు చూడు, అక్కడే ఆఖరున ఆరేది. ఇంకా తలూపట్లేదు. ఇంకో పది నిమిషాలు ఆపుతాడు.

పన్నెండు నిమిషాలు ఆపాడు. తర్వాత ఇద్దరమ్మాయిలు సంచులు మోసుకుంటూ వచ్చారు. వాళ్లలో ఒకరి పేరైనా బాబాయికి గానీ అమ్మాయికి గానీ తెలియదు. పొద్దున ఆగిన చోటు నుంచి, రెండో సెట్టు 2–2 నుంచి మొదలుపెట్టారు.

అమ్మాయి: ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు బాబాయ్. సర్వీసు చేసేటప్పుడు ఊపిరి వదలడం కూడా వినిపిస్తోంది.

బాబాయి: బంతి చప్పుడు చూడు, టీవీలో టక్ మంటది. ఇక్కడ బరువుగా ఉంది. తడి పీల్చుకుంది. ఆ పసుపుపచ్చ చొక్కా పిల్ల అడుగులు చిన్నవి చేసింది. కాలు ఆనించి, నమ్మకం కుదిరాక గాని ఒళ్లు వెయ్యట్లేదు. బురద గట్టు మీద నడక అది.

అమ్మాయి: సెంటర్ కోర్టులో కూర్చునుంటే ఇది చూసేవాళ్లం కాదు, ఒప్పుకుంటున్నా. కానీ ఆ పిల్లకి కప్పుంటే పొద్దున్నే ఆట ముగించుకుని పడుకునేది. అదీ నిజమే.

బాబాయి: అదీ నిజమే.

మూడు గేములు సాగాయి. 4–3. మబ్బు మళ్లీ కిందికి దిగింది. మొదటి చినుకు బాబాయి ముంజేతి మీద పడింది, రెండోది అమ్మాయి ఫోన్ మీద. అంపైర్ నోరు తెరిచేలోపే పట్టా దగ్గర పిల్లలు వంగి సిద్ధంగా ఉన్నారు. మాట వినగానే లాక్కుంటూ వచ్చారు. గాలికి ఇటువైపు మూల ఒకటి లేచి, ఒక కుర్రాడి చేతి నుంచి జారింది. బాబాయి చటుక్కున లేచి రెండడుగులు వేశాడు. పొట్టకి కటకటా తగిలాక గాని ఆగలేదు. చేతులు మాత్రం అప్పటికే ముందుకి చాచి ఉన్నాయి.

అమ్మాయి: బాబాయ్! అది మన కళ్లం కాదు!

బాబాయి: (సిగ్గుపడి వెనక్కొచ్చి) తెలుసులే. పట్టా లాగుతుంటే చూస్తూ కూర్చోవడం చేతకాదమ్మా.

పట్టా పరుచుకుంది. ఆటగత్తెలు తలమీద తువ్వాళ్లు వేసుకుని వెళ్లిపోయారు. ఇవాళ్టికి ఇక లేదని ప్రకటించారు. ఇద్దరూ సౌత్‌ఫీల్డ్స్ వైపు నడక మొదలుపెట్టారు. గొడుగు ఇప్పుడు బాబాయి చేతిలో ఉంది.

అమ్మాయి: రేపు నాకు సెలవు లేదు.

బాబాయి: ఉంటే వస్తావా?

అమ్మాయి: రాను. ఇంట్లో కూర్చుని చూస్తా. (నాలుగడుగులు నడిచాక) కానీ పద్నాలుగో నంబరు కోర్టు చూపించరు కదా. స్కోరు ఎక్కడ ఆగింది బాబాయ్, నాలుగు మూడేనా? పసుపుపచ్చ చొక్కా అమ్మాయి ముందుందా, వెనకుందా?

బాబాయి: ముందుంది. సర్వీసు మాత్రం అవతలి పిల్లది.